ఏడో మంచం దాకా

తిరుపతి,
14-9-1979, శుక్రవారం.

చి. కుమారి సంతోషమ్మను మీ అమ్మ మనసారా దీవించి రాయు జాబు.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ అక్కడ క్షేమంగా ఉండాలని ప్రభువును అడుగుతున్నాను. ఆ మొదటి మాట అలవాటు కొద్దీ చెయ్యి రాసేసింది. కొట్టేద్దామనుకున్నాను గానీ, జాబు విప్పగానే కొట్టివేత కనిపిస్తే నువ్వు మిగతాది చదవకుండా ఏడుపు మొదలుపెడతావని వదిలేశాను. మీ నాయనకు మొన్న బుధవారం పొద్దుటి నుంచి జ్వరం. మంచం కదిలిపోయేంత వణుకుతో వచ్చిన జ్వరం. కంగారుపడి లేవకు. కూర్చుని కడదాకా చదువు. వరసగా చెప్పుకుంటూ వస్తే తప్ప, చెప్పాల్సింది చెప్పే ధైర్యం నాకు రాదు. టెలిగ్రాం ఇవ్వొచ్చు. కానీ హాస్టలు గేటు దగ్గర టెలిగ్రాం మనిషిని చూడగానే నీ పై ప్రాణాలు పైనే పోతాయి. అందుకే ఎక్స్‌ప్రెస్ స్టాంపు అంటించి జాబే వేస్తున్నాను. రెండు రోజుల్లో నీ చేతికి అందాలి.

నీ జాబు మంగళవారం వచ్చింది. నా మోకాళ్ళ సంగతి అడిగావు. అవి నా మాట ఎప్పుడు విన్నాయి గనుక! డ్యూటీలో తిరిగినంతసేపు ఊరుకుంటాయి, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుంటే మొదలుపెడతాయి. తెల్లబూట్లు కరుస్తున్నాయన్నావు. లోపల తడిగుడ్డ కుక్కి రాత్రంతా ఉంచు, సాగుతాయి. మీ మేట్రన్ తిట్టిందని రెండు పేజీలు రాశావే, చదివి నవ్వుకున్నాను. దుప్పటి మూల మడవడం చేతకాకపోతే ఎవరు మాత్రం ముద్దుపెట్టుకుంటారు? నేనైతే చెవి మెలిపెట్టి ఉండేదాన్ని. మంగళవారం ఇంకా నవ్వగలిగాను చూడు. ఆ జాబు మీ నాయనకు చదివి వినిపించాను. 'నా బిడ్డను తిట్టేదానికి ఆ యమ్మ ఎవురంట?' అని ఆయన కూడా నవ్వాడు.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న. కాథెటర్ వేసిన రోగికి ఆ మూత్రపు గొట్టమే దారి, చేతుల మీద నుంచి, సీసాల్లో నుంచి కంటికి కనపడని పురుగు దాన్ని పట్టుకునే లోపలికి ఎక్కుతుంది అని మీ టీచరు చెప్పారని రాశావు. మీ వార్డులో కింద సీసాలు పెడతారా, మూసేసిన సంచులు పెడతారా అమ్మా అని అడిగావు. సంచులు మేము బొమ్మలో తప్ప చూడలేదు తల్లీ. మందుల కంపెనీ మనిషి ఒకాయన కాగితం చూపించి వెళ్ళాడు. మా దగ్గర మంచం కింద గాజుసీసా, దానిలోకి వేలాడే రబ్బరు గొట్టం. సీసా మూతి తెరిచే ఉంటుంది. మీ టీచరు చెప్పింది అక్షరాలా నిజం. ఈ పదిహేను రోజుల్లో నా కళ్ళముందే చూశాను.

మీ నాయనకు ఒంటికి పోవడం ఆగిపోయి, ఆగస్టు ఇరవై ఏడున మా మగవాళ్ళ వార్డులోనే చేర్చి గొట్టం వేశారు. ప్రోస్టేట్ ఆపరేషన్ వారంలో చేస్తామన్నారు. మత్తు ఇచ్చే డాక్టరు సెలవు పెట్టి మద్రాసు వెళ్ళాడు, ఆయన వచ్చేసరికి ఆపరేషన్ గదిలో దీపం చెడిపోయింది. ఒకరి మీద ఒకరు నెట్టుకుంటూ రోజులు గడిపారు. గొట్టం మాత్రం ఉండిపోయింది. ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు. గొట్టం ఒక్కరోజు ఎక్కువ ఉన్నా అంతకంత ముప్పు అని తెలిసి కూడా నేను రోజూ ఆ సర్జన్ గది ముందు నిలబడి వినయంగా అడిగి వచ్చేదాన్ని. పీకమీద కూర్చోవాల్సింది.

వార్డులో ఒక వరసలో తొమ్మిది మంచాలు. మొదటిది తలుపు దగ్గర, తొమ్మిదోది చివర కిటికీ దగ్గర. కిటికీ గాలి ఉంటుందని మీ నాయనను తొమ్మిదో దాంట్లో వేయించాను. అప్పటికి గొట్టాలు ఉన్నవాళ్ళు రెండు, నాలుగు, ఐదు, ఏడు మంచాల వాళ్ళు. రెండో మంచం ఆయన గోవిందయ్య, తిరుచానూరులో పూల వ్యాపారం. పెద్దమనిషి, నన్ను 'అమ్మా' అని తప్ప పిలిచేవాడు కాదు. ఆగస్టు ఇరవై తొమ్మిదిన ఆయనకు చలిజ్వరం వచ్చింది. వానాకాలం జ్వరం అనుకున్నాం. రెండు రోజులకు నాలుగో మంచానికి వచ్చింది. ఇంకో రోజు దాటాక ఐదో మంచం. సెప్టెంబరు మూడున గోవిందయ్య పోయాడు. నాలుగున ఏడో మంచం ధనంజయకు వణుకు మొదలైంది. నాయుడుపేట లారీడ్రైవరు, ముప్పై ఐదేళ్ళ వాడు, మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి.

వార్డు మొత్తం గుసగుసలు. రెండో మంచానికి గాలి పట్టిందని, అది మంచం మంచం దిగి వస్తోందని రోగుల బంధువులు ఒకటే గోల. మా ఆయా మునెమ్మ నన్ను అడగకుండానే తలుపుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టేసింది. డాక్టరు రామచంద్ర అని కొత్తగా చేరిన చిత్తూరు పిల్లాడు, ఈగల వల్లేమో సిస్టర్, నీళ్ళ వల్లేమో అంటూ తల గోక్కున్నాడు. నేను ఆ సాయంత్రం జ్వరం చార్టులు నాలుగూ బల్లమీద పక్కపక్కన పెట్టుకుని చూశాను. మూడో మంచంలో కాలు విరిగినవాడు, ఆరో మంచంలో వరిబీజం ఆపరేషన్ అయినవాడు. వాళ్ళకు ఏమీ లేదు. గొట్టం ఉన్న మంచాలను మాత్రమే ఏరుకుంటూ, తలుపు నుంచి కిటికీ వైపు వస్తోంది. ఏడు తర్వాత గొట్టం ఉన్నది తొమ్మిదో మంచమే.

మర్నాడు పొద్దున ఆరింటికే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. మునెమ్మ ఎప్పటిలాగే బకెట్టు, ఎనామెల్ మగ్గు పట్టుకుని బయల్దేరింది. రెండో మంచంలో కొత్త రోగి. అతని సీసా ఎత్తి మగ్గులోకి వంచింది, కొలత చూసింది, బకెట్టులో పోసింది. అదే మగ్గు నాలుగో మంచానికి. గొట్టం కొస మగ్గు అంచుకు రాసుకుంది. అదే చేత్తో గొట్టం పట్టుకుని మళ్ళీ సీసాలో పెట్టింది. అదే మగ్గు, అదే చెయ్యి, ఐదో మంచానికి. ఏ గాలీ లేదు, ఏ దెయ్యమూ లేదు. జ్వరం మునెమ్మ చేతిలో ఎనామెల్ మగ్గులో ప్రయాణం చేస్తోంది. ఆగవే అని వార్డు అదిరేలా అరిచాను.

మునెమ్మ బిత్తరపోయింది. 'నేనేమన్నా కొత్తగా చేస్తాండానా సిస్టరమ్మా? పెద్ద డాక్టరు రౌండ్సుకొచ్చేలోగా సీసాలన్నీ తెల్లగా ఉండాలని నువ్వే గదా నేర్పించింది!' అంది.

నిజమే. పదిహేనేళ్ళ కిందట నేర్పించింది నేనే. తొందరగా అవుతుందని, వార్డు చూడముచ్చటగా ఉంటుందని ఒకే మగ్గుతో వరసంతా తిప్పడం నేనే మొదలుపెట్టాను. నా వార్డు ఆరున్నరకల్లా తళతళలాడుతుందని పక్కవార్డు వాళ్ళ దగ్గర గొప్పలు పోయేదాన్ని. గోవిందయ్య ముఖం గుర్తొచ్చింది. డ్యూటీ గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

మీ నాయన అప్పటిదాకా ఎందుకు బాగున్నాడో తెలుసా? మునెమ్మ ముట్టుకుంటే సిగ్గని ఆయన ఒప్పుకోలేదు. డ్యూటీకి రాగానే అందరికంటే ముందు ఆయన సీసా నేనే, మన ఇంటి చెంబుతో పారబోసేదాన్ని.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చేశాను. స్టోరు ఆయనతో పోట్లాడి ఒక్కో మంచానికి ఒక్కో మగ్గు తెప్పించి, వాడినప్పుడల్లా ఉడకబెట్టించాను. గొట్టం అవసరం లేదని తేలినవాడికి అదే రోజు తీసేయమని రామచంద్ర వెంటపడ్డాను, నాలుగో మంచానికీ ఐదో మంచానికీ తీయించాను కూడా. సీసా మంచం కంటే పైకి ఎత్తకూడదు, అతుకు ఊడదీయకూడదు, గొట్టం కొస దేనికీ తగలకూడదు అని అందరికీ చెప్పాను. సీసాలు మునెమ్మ చేతిలో నుంచి తీసుకుని వరసంతా నేనే చేశాను. చక్రాల స్టూలు మీద బేసిను, ఎర్రసబ్బు, ఉడికించిన తువ్వాళ్ళు పెట్టించాను. మునెమ్మ దాన్ని మంచం మంచానికీ తోసుకొస్తుంది. ప్రతి మంచం దగ్గరా ముట్టుకునే ముందు చేతులు కడగడం, ముట్టుకున్నాక కడగడం. కొత్త జ్వరం ఒక్కటీ రాలేదు. రామచంద్ర సంబరపడిపోయి, 'జ్వరం మీకు భయపడిపోయింది సిస్టర్' అన్నాడు. పోయిన జాబులో నాయన బాగున్నాడు అని రాసింది అప్పుడే. అది అబద్ధం కాదు.

ఇక్కడి నుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు. పెన్ను రెండుసార్లు పక్కన పెట్టాను.

పద్ధతి మార్చిన రెండో రోజు, మీ నాయన గొట్టం చుట్టూ శుభ్రం చేసి, సీసా మార్చి, బేసినులో చేతులు కడుక్కుంటున్నాను. ఆయన చూస్తూనే ఉన్నాడు.

'ఏమే జ్ఞానా, నన్ను ముట్టుకునేదానికి ముందర కడుక్కుంటావు, ముట్టుకున్నాక కడుక్కుంటావు. నేనేమన్నా అంత మైలగా ఉండానా?' అన్నాడు.

'అందరికీ అంతేనయ్యా. కంటికి కనపడని పురుగులు ఉంటాయి. నీ మంచికే' అన్నాను.

'పెద్దింటమ్మ గూడా నా మంచికే అంటాండె. వాళ్ళ బాయి తవ్వి, నీళ్ళు పడినాక నేను పైకొస్తే, దూరంగా నిలబడి నా దోసిట్లోకి మజ్జిగ ఎత్తి పోసింది. నా చెయ్యి ఆ యమ్మకి తగల్లా. అయినా నేను తవ్విన బాయి నీళ్ళతోనే, నా ముందరే చేతులు కడుక్కొనింది. నువ్వు నా పెండ్లానివి గదే.'

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ నాలుగు తగిలించి ఉండేదాన్ని. నవ్వబోయి, నవ్వలేక, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పూతలపట్టు చుట్టుపక్కల ఇరవై బావులు తవ్విన మనిషి. వాటిల్లో ఒక్కదాంట్లో చేద వేయడానికి ఆయనను రానిచ్చారా? మన పేటలో పుట్టి పెరిగిన నాకు ఒకరు చెప్పాలా ఆ కడుక్కోవడం ఎలాంటిదో! ముప్పై ఏళ్ళు కాపురం చేసి, ఆయన కళ్ళముందు అదే పని నేనూ చేశానా!

మర్నాడు పొద్దున మునెమ్మతో, స్టూలు ఏడో మంచం దాకా చాలు, అక్కడి నుంచి వెనక్కి తోసుకుపో అన్నాను.

'పెద్దాయనకొద్దా సిస్టరమ్మా?' అని అడిగింది.

'మా ఆయనకు నేను పరాయిదాన్నా? పోవే' అని కసురుకున్నాను.

ఇదీ నీకు చెప్పకుండా దాచింది. ఏడో మంచంలో ధనంజయ జ్వరం సూదిమందుతో తగ్గింది గానీ అతని సీసా ఇంకా మబ్బుగానే ఉండేది. ఆ సీసా, ఆ గొట్టం ముట్టుకున్న చేతులతో, కడుక్కోకుండా, నేరుగా మీ నాయన దగ్గరికి పోయాను. ఆయన గొట్టాన్ని పట్టుకున్నాను. ఐదు రోజులు, రోజుకు రెండు పూటలు. తెలియక కాదు సంతోషమ్మా, తెలిసే. నీ టీచరు ఇప్పుడు చెబుతున్నది నేను నా ట్రైనింగులో చదివి పరీక్ష రాసి పాసయ్యాను. మునెమ్మను వార్డంతా వినేలా తిట్టినదాన్ని. నాకేం అవుతుందిలే, మావాడికేం అవుతుందిలే, మనింటి చేతులే గదా అనుకున్నాను. మనింటి చేతులైతే పురుగు అంటదనుకున్న మొదటి నర్సును నేనేనేమో.

ఆ ఐదు రోజులూ ఆయన ఎంత బాగున్నాడో చెప్పనా? గడ్డం గీయించుకున్నాడు. రాగిసంకటి తెమ్మని మారాం చేశాడు. సీసా మార్చి నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చోమనేవాడు. కూర్చునేదాన్ని. నాకు చచ్చేంత సంతోషంగా ఉండేది. దాని ఖరీదు ఇదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది అనడానికి కూడా నాకు మొహం లేదు.

బుధవారం పొద్దున ఆయన మంచం చప్పుడు వార్డు తలుపు దగ్గరికే వినిపించింది. పరుగెత్తాను. పెదాలు నల్లబడ్డాయి. కింద సీసాలో బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది, వాసన ధనంజయ సీసా వాసనే. రామచంద్ర వచ్చి చూసి, గొట్టం మార్చి, సూదిమందు మొదలుపెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, 'మీరు చేయగలిగిందంతా చేశారు సిస్టర్. మీ ఆయనకే ఇలా రావడం మా ఖర్మ' అన్నాడు. నేను తల ఊపాను. అదీ నీకు చెప్పాల్సిందే. ఊపాను. పక్కన మునెమ్మ నన్ను ఒక్కసారి చూసి బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. స్టూలు సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ పొద్దున నేనే రామచంద్రతో చెప్పేశాను. పెద్ద డాక్టరుకు కాగితం మీద రాసిచ్చాను. ఉద్యోగం ఉంచుతారో పీకుతారో వాళ్ళ ఇష్టం. రామచంద్ర మొహం అటు తిప్పుకుని చార్టు రాసుకున్నాడు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిక అయ్యేది.

జ్వరం మాత్రం దిగలేదు. నిన్న రాత్రి నుంచి బీపీ పడిపోతోంది. రక్తంలోకి ఎక్కిందంటున్నారు. ఈ రెండు రోజులు గడవాలి అంటున్నారు. నువ్వు నర్సు చదువుతున్న పిల్లవు, ఆ మాటకు అర్థం నీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

స్టూలు ఇప్పుడు ఆయన మంచం పక్కనే ఉంటుంది. ముట్టుకున్నప్పుడల్లా కడుగుతున్నాను, ముందూ కడుగుతున్నాను, తర్వాతా కడుగుతున్నాను. ఆయనకు మనుషులు తెలియడం లేదు. నేనెవరో తెలియదు. కానీ బేసినులో నీళ్ళ చప్పుడు వినపడగానే రెండు చేతులూ చంకల్లో దాచుకుంటాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంటాడు.

'తల్లీ, నేను దేన్నీ ముట్టుకోలేదు. నీళ్ళు పడినాయి, పైకొచ్చేసినాను. దూరంగానే నిలబడుకోని ఉండాను, సూడు' అంటాడు.

నేను జ్ఞానాంబనయ్యా, నీ పెండ్లాన్ని అని చెవిలో చెబుతాను. వినడు. సూది వేయడానికి ఆ చేతులు బయటికి లాగాలంటే మునెమ్మా నేనూ ఇద్దరం కావాలి. లాగుతుంటే కూడా, ముట్టుకోవద్దు తల్లీ, నీకు మైల అంటాడు. ఇవాళ పొద్దుటి నుంచి పదకొండుసార్లు కడిగాను. పదకొండుసార్లు నాకు క్షమాపణ చెప్పాడు. కడగడం మాత్రం మానలేను.

నువ్వు వచ్చెయ్. పరీక్షలు ఆర్నెల్లకు మళ్ళీ వస్తాయి. మీ మేట్రన్‌కు ఈ జాబు చూపించు, నేనేమీ సిగ్గుపడను. గూడూరులో బండి మారి రా. స్టేషను నుంచి ఇంటికి పోకుండా నేరుగా వార్డుకు రా. రాగానే ఆయన మీద పడి ఏడవాలని ఉంటుంది నీకు. వద్దు. ముందు చేతులు కడుక్కో. ఆయన ముడుచుకుపోయినా, ఏ మాట అన్నా, నీ గుండె పగిలిపోయినా సరే, సబ్బు పెట్టి శుభ్రంగా కడుక్కో. ఆ తర్వాతే మీ నాయనను ముట్టుకో.

ఇట్లు,
తొమ్మిదో మంచం పక్కనుంచి,
మీ అమ్మ
జ్ఞానాంబ